రెండు చీటీల మీదా ‘బావ’

ఇంట్లోనే కూర్చుని రక్తపరీక్ష చేసుకోవచ్చని మీకెవరైనా చెబితే, చెప్పినమాట నిజమే. నేను చేసుకున్నాను. దాని ఫలితంగా మొన్న గుడివాడలో ఒక డాక్టరమ్మగారు నా రిపోర్టు, మా బావ రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. డాక్టరు మాట్లాడకపోతే ఎవరికైనా భయం వేస్తుంది. నాకూ వేసింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తోంది గానీ, పూర్తిగా రావట్లేదు.

మొదటినుంచి చెప్తాను. నేను బందరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. కొన్నాళ్ళుగా పొట్టతో ఇబ్బంది పడుతున్నాను. ఏం తిన్నా ఉబ్బరం, మంట, త్రేన్పులు. ఇంట్లో అయితే ఫర్వాలేదు. క్లాసులో బోర్డువైపు తిరిగి ఈక్వేషన్ రాస్తుండగా త్రేన్పు వస్తే వెనక బెంచీల వాళ్ళకి ఆ రోజు పండగ. డాక్టరుకి చూపించుకోమని మా ఆవిడ సునీత రోజూ పోరుతూనే ఉంది. కానీ బందరులో ఏ ఆస్పత్రికి వెళ్ళినా కౌంటర్లో నా దగ్గర చదువుకున్నవాళ్ళే కూర్చుని ఉంటారు. “ప్రాబ్లం ఏంటి మాస్టారూ?” అని అడిగితే గ్యాసు అని ఎలా చెప్పను? వాళ్ళకి గ్యాసుల చాప్టరు చెప్పింది నేనే.

అలాంటి టైంలో ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. ఇంటికే కిట్టు పంపిస్తారు. మనమే వేలు పొడుచుకుని, ఒక అట్టకార్డు మీద నాలుగు చుక్కలు వేసి, ఆరబెట్టి, కొరియర్ చెయ్యాలి. మన పేగుల ఆరోగ్యం ఎలా ఉంది, ఏ తిండి పడుతోంది, ఏది పడట్లేదు, షుగరు ఎంతుంది, అన్నీ ఫోన్‌కే వచ్చేస్తాయట. పైగా ఒక కిట్టు కొంటే రెండోది సగం ధరకే. రెండోది ఎవరికి అని ఆలోచించక్కర్లేకపోయింది. మా బావ ఉన్నాడు.

బావ అంటే సునీత వాళ్ళన్నయ్య, రత్నంబాబు. దివిసీమలో కోడూరు దాటాక, హంసలదీవి వెళ్ళే దారిలో రొయ్యల చెరువులు చేస్తాడు. డిగ్రీలో మేమిద్దరం ఒకే బెంచి. అతని చెల్లెల్ని నేను చేసుకున్నాక పేర్లు పోయి, ‘బావా’ అంటే ‘బావా’ అనుకోవడం మిగిలింది. అతని ఇబ్బంది నాకు పూర్తిగా వ్యతిరేకం. నాకు పైకి వస్తుంది, అతనికి కిందికి వెళ్ళదు. పొద్దున పేపరు మొత్తం చదివేసినా పని కాదు. సంగతి చెప్పగానే, “ఆదివారం చర్చి అయ్యాక వచ్చేస్తాను, ఇద్దరం కలిసే చేసుకుందాం బావా” అన్నాడు. అదేదో పిక్నిక్ అయినట్టు.

వచ్చాడు. డైనింగ్ టేబుల్ మీద రెండు కిట్లూ విప్పి పరిచాం. ఒక్కో కార్డు మీద ఒక నంబరుంది. ఆ నంబరు ముందు యాప్‌లో మన పేరు మీద ఎక్కించాలని కాగితంలో రాసుంది. “అది తర్వాత చూద్దాంలే, ముందు రక్తం సంగతి చూడు” అన్నాడు బావ. సరే అన్నాను. మొదటి తప్పు అది.

సూది బయటికి కనపడదు. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, వేలికి ఆనించి నొక్కితే టక్కున పొడుస్తుంది. ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒకటి గాల్లో నొక్కాను. పనిచేసింది. ఒక్కసారే పనిచేస్తుందని అప్పుడు తెలిసింది. నా కిట్టులోనే ఉన్న రెండోదానితో ఉంగరం వేలు పొడుచుకున్నాను. నొప్పి వచ్చింది, రక్తం రాలేదు. “చెయ్యి కిందికి వేలాడేసి గట్టిగా ఊపాలంట” అని బావ కాగితం చదివి చెప్పాడు. వరండాలోకి వెళ్ళి ఊపాను. ఎదురింటి సుబ్బారావుగారు, పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, నేను పిలుస్తున్నాననుకుని ఆయనా చెయ్యి ఊపి, గేటు తీసుకుని వచ్చేశారు. పిలవలేదని ఎలా చెప్తాం? వచ్చి టేబుల్ దగ్గరే కూర్చున్నారు.

“రక్తం మీరే తీసి, మీరే పోస్టు చేస్తారా?” అన్నారు విషయం విని. “అవునండీ.” “మా రోజుల్లో మనిషే వెళ్ళేవాడండి.”

ఈలోగా నా వేలికి రక్తం వచ్చింది. హడావిడిగా నాలుగు గుండ్రాల్లో నాలుగు చుక్కలు వేశాను. తర్వాత బావ. రోజూ వలలూ తాళ్ళూ లాగే చెయ్యి, చర్మం మందం, అతనికీ ఒక పట్టాన రాలేదు. వేలు పిండి పిండి అతనూ నాలుగు గుండ్రాలు పూర్తి చేశాడు.

ఇక కార్డులు ఆరాలి. ఆరేలోపు కలిసిపోతాయేమోనని, కెమిస్ట్రీ వాణ్ణి కదా, నాకే తట్టింది. ల్యాబులో పిల్లలకి రోజూ నేను చెప్పేదే, లేబుల్ లేకుండా ఏ సీసా కింద పెట్టొద్దని. నా వేలికి దూది చుట్టి ఉంది కాబట్టి నా కార్డుకి బావ చీటీ రాసి కింద పెట్టాడు. అతని కార్డుకి, ఎడంచేత్తో, నేను చీటీ రాసి పెట్టాను. అతను ‘బావ’ అని రాశాడు. నేనూ ‘బావ’ అనే రాశాను. రాసేటప్పుడు ఇద్దరికీ అందులో ఏ తేడా కనపడలేదు.

చేతిరాతను బట్టి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు, చీటీలు కార్డుల కిందే ఉంటే. సుబ్బారావుగారికి కాఫీ తెచ్చిన సునీత, ట్రే పెట్టడానికి చోటు లేక, కార్డులు రెండూ తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. చీటీలు టేబుల్ మీదే ఉండిపోయాయి. ఆయన కాఫీ తాగి వెళ్ళాక, నంబర్లు ఎక్కిద్దామని చూస్తే, ఫ్రిజ్ మీద రెండు కార్డులు, టేబుల్ మీద రెండు బావలు.

“ఏది నాది?” అన్నాడు బావ.

“నువ్వే చూసుకో.”

రెండింటిలో ఒకదాని గుండ్రాలు కాస్త నిండుగా ఉన్నాయి, రెండోదాన్లో కాస్త వెలితిగా ఉన్నాయి. వరండా దాకా వెళ్ళి సుబ్బారావుగారిని పిలిచి అడిగాను, మీరు పక్కనే ఉన్నారు కదండీ, ఎవరిది నిండుగా పడిందో చూశారా అని. “నేను రక్తం చూడలేనండీ. కళ్ళు మూసుకున్నాను” అన్నారాయన తన గేటు దగ్గర్నుంచే.

“నిండుది నాదే” అని తేల్చేశాడు బావ. “రోజంతా చెరువు గట్ల మీద ఎండలో తిరిగేవాణ్ణి. నువ్వు ఫ్యాను కింద నించుని పాఠం చెప్పేవాడివి. నీకు అంత రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది?”

నాకూ సబబుగానే అనిపించింది. నిండు కార్డు బావ పేరు మీద, వెలితి కార్డు నా పేరు మీద ఎక్కించి, కవర్లు అంటించి, మర్నాడు కొరియర్ చేసేశాను. నిండు కార్డుని బావ ముచ్చటపడి ఫోటో కూడా తీసుకున్నాడు.

వారం పదిరోజులకి రిపోర్టులొచ్చాయి. నాకు రొయ్యలు, గోధుమ, పెసలు పడవట. షుగరు నార్మల్. నేను దాన్ని చదువుతుండగానే బావ ఫోన్ చేశాడు.

“బావా, నాకు షుగరంట.” “మూడు నెలల సగటు బాగా ఎక్కువుందని రాశాడు.”

నేనేదో ధైర్యం చెప్పబోయాను. అతను వినే స్థితిలో లేడు. వాళ్ళ నాన్నగారు, అంటే మా మావయ్యగారు, షుగరుతోనే కాలు పోగొట్టుకున్నారు. చివరి రోజుల్లో ఆయన్ని ఎత్తుకుని తిప్పింది బావే. ఫోన్ సునీతకిచ్చాను. అన్నాచెల్లెళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ రోజు నుంచి బావ మనిషే మారిపోయాడు. అన్నం గుప్పెడు. స్వీటు మాట లేదు. పొద్దున్నే కాలవ గట్టున నడక, సాయంత్రం మళ్ళీ నడక. ఆకుకూరలు, కీరదోస, మజ్జిగ. ‘ఈ రోజు ఇంత నడిచాను’ అని నాకు మెసేజ్ పెట్టేవాడు. నేను బొటనవేలి బొమ్మ పంపేవాణ్ణి.

అంతకుముందే వాళ్ళన్నయ్య కోసం సునీత బందరు లడ్డు కొని ఉంచింది. తెలుసు కదా, మా ఊరి లడ్డు, నెయ్యి చేతికంటుతుంది. “అన్నయ్య ఇక తినడు. మీరైనా తినండి, పాడైపోతుంది” అంది. బావ కోసం బాధపడుతూనే తిన్నాను. మనసు బాగాలేనప్పుడు తీపి తింటే కాస్త తేలిగ్గా ఉంటుంది. అది అయిపోయాక ఇంకో డబ్బా నేనే తెచ్చుకున్నాను. రిపోర్టు ప్రకారం రొయ్యలు, చపాతీ, పెసరట్టు మానేశాను గదా, ఆ మాత్రం ఉండాలనిపించింది. పొట్ట మాత్రం అలాగే ఉంది. దానికి తోడు దాహం ఎక్కువైంది. క్లాసు మధ్యలో బాత్రూంకి వెళ్ళాల్సి వస్తోంది. ఎండలు కదా అనుకున్నాను.

ఓ నెల గడిచాక సునీత పట్టుబట్టింది. “ఫోన్లో వచ్చిన దాన్ని పట్టుకుని అన్నయ్య ఎన్నాళ్ళు పస్తులుంటాడు? గుడివాడలో మంచి డాక్టరమ్మగారు ఉన్నారట, చూపిద్దాం. మీ పొట్ట కూడా అక్కడే చూపించుకోండి. అక్కడ మీ స్టూడెంట్లు ఉండరులే.”

ముగ్గురం పెడన మీదుగా గుడివాడ వెళ్ళాం. బావని చూసి నేను ఆశ్చర్యపోయాను. పొట్ట లోపలికి పోయింది, మొహం తేటగా ఉంది. జబ్బు మనిషిలా నేనే ఉన్నాను.

డాక్టరమ్మగారు బావకి చేతినుంచి రక్తం తీయించారు. కాసేపటికి ఫలితం వచ్చింది. అది చూసి, “మీకు షుగరు లేదు కదండీ” అన్నారు.

“పథ్యం చేశానండి” అన్నాడు బావ, వినయంగా.

“మంచిదే. కానీ ఇది మూడు నెలల సగటు. నెల్రోజులు పథ్యం చేస్తే ఇంతలా దిగదు. ఆ పాత పరీక్షకి పంపిన రక్తం మీదేనా?”

“నాదేనండి. చూడండి ఎంత నిండుగా ఉందో” అని ఫోటో చూపించాడు.

అప్పుడే నా రిపోర్టు కూడా అడిగి తీసుకుని, ఇందాక చెప్పానే, అలా రెండూ పక్కపక్కన పెట్టుకుని మా మొహాలు చూశారు.

“ఇద్దరూ ఒకేరోజు చేసుకున్నారా?”

“అవునండీ.”

“కార్డుల మీద పేర్లు రాశారా?”

“చీటీలు రాసి పెట్టామండి” అన్నాను నేను.

“ఏమని?”

నేను బావని చూశాను. బావ సీలింగ్ ఫ్యాను చూశాడు. సునీత మా ఇద్దర్నీ చూసింది.

“ఒకదాని మీద బావ అని రాశామండి” అన్నాడు అతను.

“మరి రెండోదాని మీద?”

“బావ అనేనండి” అన్నాను నేను.

డాక్టరమ్మగారు పెన్ను కింద పెట్టేశారు. “అందరూ బావలే అయితే పేషెంటు ఎవరండీ?”

ఆ ప్రశ్నకి సమాధానం నా చేతిలోంచి తీశారు. ఈసారి సీసా మీద నా పేరు, ఇంటిపేరుతో సహా వాళ్ళే రాశారు. బయట బెంచీ మీద కూర్చున్నాం. నా పక్కనే బావ. కాళ్ళు ఊపుతున్నాడు, మానేస్తున్నాడు, మళ్ళీ ఊపుతున్నాడు. సంతోషపడాలో, సంతోషపడితే బాగుండదో తేల్చుకోలేకపోతున్నాడని తెలుస్తూనే ఉంది. నాకైతే మావయ్యగారి కాలు గుర్తొచ్చింది. బూట్లలో నా వేళ్ళు ఒకసారి కదిపి చూసుకున్నాను.

ఫలితం వచ్చింది. షుగరు నాదే. నెలరోజుల లడ్డూలతో ఇంకాస్త పైకెక్కి ఉంది.

డాక్టరమ్మగారు తిట్టలేదు. ఇప్పుడే తెలిసింది కాబట్టి మాత్రలతో, తిండితో అదుపులో పెట్టొచ్చన్నారు. తర్వాత పొట్ట గురించి అడిగారు. పొద్దున లేవగానే ఏం తీసుకుంటారని అడిగితే, మడమ నొప్పికి మాత్ర వేసుకుంటానని, అదీ పరగడుపున, స్ట్రాంగ్ కాఫీతో మింగుతానని చెప్పాను.

“ఎన్నాళ్ళనుంచి?”

“చాలా రోజులైందండీ. అది పొట్టకి సంబంధించింది కాదని చెప్పలేదు.”

“అదేనండీ మీ మంట. ముందు ఆ మాత్ర ఆపండి.”

“మరి రొయ్యలు, గోధుమ పడవని రిపోర్టులో...”

“అవి ఎవరి రక్తంలోవి?”

“బావవి” అని, వెంటనే నోరు మూసుకున్నాను.

“ఎవరివైనా సరే. బాగా అలవాటుగా తినేవి కూడా ఇలాంటి పరీక్షల్లో పడనివాటి కింద ఎర్రరంగులో కనిపిస్తాయి. రొయ్యల చెరువుల ఆయన రక్తంలో రొయ్యలు కనపడక ఏం కనపడతాయి? దీన్ని చూసి ఎవరూ ఏదీ మానక్కర్లేదు” అన్నారు.

బయటికొచ్చాక బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. “భయపడకు బావా. మొదటి వారమే కష్టం. ఏం తినాలో, ఎంత నడవాలో అన్నీ నాకు తెలుసు, నేను చెప్తాగా” అన్నాడు, ఎంతో అనుభవం ఉన్నవాడిలా. నిజానికి ఉంది కూడా. పైగా, ఆ ఆకుకూరలకీ నడకకీ అతని పొద్దుటి సమస్య ఎప్పుడో తీరిపోయిందట. పేపరు హెడ్డింగులు చదివేలోపే పని అయిపోతోందట.

కారు గుడ్లవల్లేరు దాటాక సునీత అంది. “మీకొచ్చిన జబ్బుకి మా అన్నయ్య పథ్యం చేసి బాగుపడ్డాడు. మీరేమో మా అన్నయ్యని పరామర్శిస్తూ లడ్డూలు తిన్నారు.”



ఇంటికొచ్చాక ఆ కిట్టు కంపెనీకి ఫోన్ చేశాను, రెండు రిపోర్టుల మీద పేర్లు తారుమారయ్యాయి, సరిచెయ్యమని. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, ఒకసారి ఇచ్చిన రిపోర్టులో పేరు మార్చడం కుదరదు సార్ అంది. అంటే కాగితం ప్రకారం ఇప్పటికీ షుగరు మా బావకే. ఆదివారం మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, పేషెంటు హోదాలో లడ్డు తింటున్నాడు. నేను కీరదోస ముక్కలు తింటూ చూస్తున్నాను, కాగితం ప్రకారం నాకేమీ లేకపోయినా.