పిట్టల ఆటకు అవ్వ పెట్టిన షరతు

మా అమ్మాయి ఫోన్‌లో వేసుకుంటానని అడిగిన కొత్త ఆట మీద "పదహారేళ్లు నిండినవారికి" అని ఉంది. దానికి పద్నాలుగే. "అది ఎవరో రాసిండ్రు మమ్మీ, ఆడొచ్చో లేదో నువ్వు చెప్పు" అని పట్టుబట్టింది.

గుర్తుందా, మన చిన్నప్పుడు ప్లాస్టిక్ తుపాకీతో టీవీలో పిట్టలను కొట్టే ఆట? బోధన్‌లో మా ఇంటికి మామ దుబాయి నుంచి తెచ్చాడు.

"పిట్టలను సంపే ఆటనా? బంద్ జెయ్!" అంది మా నాయనమ్మ.

"నువ్వు ఆడి సూడు అవ్వా, అప్పుడు చెప్పు" అన్నాను.

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని తుపాకీ అందుకుంది. పొద్దుగూకేదాకా వదల్లేదు. చివరికి, "ఆడుండ్రి గని, దేవుని పటాలకు గుడ్డ కప్పుండ్రి. ఆయన సూడొద్దు" అంది.

నిన్న అమ్మాయి ఆట నేనే ఆడి చూశాను. నా పక్కన కూర్చుని ఆడాలని చెప్పి ఒప్పుకున్నాను. ఇప్పుడు దాని గొడవంతా నేను ఫోన్ వదలడం లేదనే.