ఈడ, ఆడ

మొన్న బల్లెక్కి అటక మీదున్న ఇత్తడి గుండిగను దించబోయి రెండు చేతులూ పైకి చాచానో లేదో, పది వేళ్లూ వాటంతటవే నుదుటికి పైన గిన్నెలా విచ్చుకున్నాయి. కింద నిలబడి చూస్తున్న మా ఆవిడ, "ఏంది, దాన్ని గూడా బంతి మాదిరి ఎగరేస్తావా యేంది?" అని నవ్వింది. ఆవిడ నవ్వితే నవ్వింది గానీ, నేను మాత్రం గుండిగ సంగతి మరిచిపోయి ఆ బల్ల మీదే కాసేపు నిలబడిపోయాను.

నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు, వాలీబాల్ ఆడి కూడా ఇల్లు నడపొచ్చని ఎవరైనా అంటే నవ్విపోయే రోజులవి. నేను సెట్టర్ని. అంటే బంతిని నేను కొట్టను, కొట్టేవాడి చేతికందేలా లేపి ఇస్తాను. చప్పట్లన్నీ కొట్టినవాడికి, తిట్లన్నీ నాకు. మా జట్టులో కొట్టేవాడు మా అక్క మొగుడు. వడమాలపేట మట్టినేలలో, సాయంకాలం ఎండ కొండల వెనక్కి దిగుతుంటే, నేను "ఈడ" అంటే బావ నా ముందు లేచేవాడు, "ఆడ" అంటే నా వెనక లేచేవాడు. ఆరుబయట ఆ రెండు మాటలూ ఎంత తేటగా వినిపించేవో! ఆ ఆట చూసే చిత్తూరులో ఒక ఫ్యాక్టరీవాళ్లు ఇద్దరికీ ఉద్యోగాలిచ్చి తమ జట్టులో చేర్చుకున్నారు. అక్క చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చి అక్కడ కాపురం పెట్టింది.

ఇక పోటీలేమో తిరుపతిలో, ఇండోర్ స్టేడియంలో. అబ్బ, ఆ మొదటి రోజు! పట్టపగలే దీపాలు, గాలి ఊసే లేదు, బంతి నీళ్లలో తేలినట్టు నింపాదిగా లేచేది, చెక్కనేల మీద బూట్లు కిచకిచలాడేవి. కలలో ఆడుతున్నట్టే ఉండేది నాకు. ఆ కలలోనే మా కొంప మునిగింది. ఆ కప్పు కింద, జనం కేకల్లో, నేను "ఈడ" అన్నా "ఆడ" అన్నా బావకు ఒక్క "డ" మాత్రమే వినిపించేది. నేను వెనక్కి ఇస్తే ఆయన ముందు లేచేవాడు, బంతి ఎవరికీ కాకుండా దబ్బున పడేది. వరసగా రెండు ఆటలు పోగొట్టుకున్నాం. మూడోదీ ఇంతే అయితే బావను ఇంటికి పంపేస్తానని కోచ్ మొహం మీదే చెప్పేశాడు. ఆట పోతే ఉద్యోగమూ పోయినట్టే. అక్క మొహం తలుచుకుని ఆ రాత్రే బావ దగ్గరికి వెళ్లి కూచున్నాను.

పోనీ, వాటికి బదులు అరవంలో "ఇంగ, అంగ" అందామా అన్నాను. చివరికి మిగిలేది ఒక్క "గ" అని నాకూ తెలుసు, ఏదో ఆశ. బావ నవ్వేశాడు. "అరవమూ వద్దు, అరిసేదీ వద్దురా. ఎనక్కిచ్చేటప్పుడు నీ ఎడం మోకాలు ఎక్కువ వంగుతాది. అది సూసి నేనే లేస్తాలే" అన్నాడు. నా మోకాలి సంగతి నాకే తెలియదు! మర్నాడు నోరు కుట్టేసుకుని ఆడాను. బంతిని వెనక్కి వదిలి తిరిగి చూసేసరికి బావ అప్పటికే గాలిలో ఉన్నాడు. ఆయన అరచెయ్యి బంతికి తగిలిన చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను కూడా.

ఆ తర్వాత ఒళ్లు మొరాయించేదాకా, ఎన్నేళ్లో, కోర్టులో మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆ అలవాటే ఇంటికీ పాకింది. నాకు ఆకలేసినా, మనసు బాగోకపోయినా అడగకుండానే ఆయనకు తెలిసిపోయేది. ఇప్పటి పిల్లల ఆట చూస్తుంటాను. బంతి బంతికీ వీడియోలు, పక్కన ల్యాప్‌టాప్‌తో ఒకాయన. బాగా ఆడుతున్నారు, కాదనను. బావ పోయినేడు కాలం చేశాడు. నాకేం బాధగా ఉందో ఇప్పుడు నోరు తెరిచి చెప్పుకోవలసి వస్తోంది, ఈ వయసులో. అదేమో నాకు చేతకావడం లేదు.