కొబ్బరికాయ దెబ్బ తిన్న పడవ

మా డ్రిల్లు సారు పోయిన కబురు నాకు చెప్పింది ఆయన భార్యే. ప్రహరీ గోడ మీంచి తల ఎత్తి, "తమ్ముడూ, మీ సారు పొయ్యిండు. చాయ్ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు, పొయ్యిండు. దుకాణం బంద్ చేసి రా. ఏడ్సుడు తర్వాత, ముందుగాల ఆ బండి టైర్లల్ల గాలి ఉందో లేదో సూడు" అంది.

బండి అంటే పడవను ఎక్కించే బండి. పాల్వంచలో పడవేమిటని మీరడుగుతారు. మా వీధి కూడా అదే అడిగింది.

సారు హైస్కూల్లో పిల్లలకు కవాతు నేర్పేవారు. చిన్నప్పుడు హైదరాబాదులో, కుర్రాళ్లకు నౌకా శిక్షణ ఇచ్చే దళంలో ఉండగా, తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారట. ఒక వేసవిలో ఏదో సర్టిఫికెట్ తెస్తానని హైదరాబాదు వెళ్లి, లారీ మీద పడవతో దిగారు. పనికిరాదని ఎవరో పక్కన పడేసిన పాత చెక్క పడవ. పధ్నాలుగు అడుగులుంటుంది. దాని కడుపులో ఒక చీలిక, ఆ చీలికలోంచి నీళ్లలోకి దిగే పలక, ఆ పలకకు ఒక తాడు. పలక దిగి ఉంటే పడవ గాలికి పక్కకు జారదు. ఇసుక తగిలితే మాత్రం తాడు గుంజి పైకెత్తాలి. సారు దాన్ని నాలుక అనేవారు. "లోతుల దించాలె, మెరకల ఎత్తాలె. ఇద్య గింతే సేటూ" అనేవారు.

సేటు అంటే నేనే, పక్కింటి కిరాణా దుకాణం వాణ్ణి. నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా పొట్లాలు కట్టే కాగితాల మీద. అందుకే నాకు ఏ విషయమైనా సగం పేజీ దాకా బాగా తెలుసు. ఓడల గురించి ఒకసారి మంచి కాగితం దొరికింది గానీ, తుఫాను మొదలయ్యే చోట చిరిగిపోయింది. అయినా ఆ సగంతోనే సారుకు సలహాలిచ్చేవాణ్ణి. ఆయన శ్రద్ధగా విని, తన పద్ధతిలోనే చేసుకునేవారు.

పని మాత్రం తెగేది కాదు. మా ఎండలకు పలకల మధ్య వేలు దూరేంత సందులు పడేవి. సారు మధిర పత్తిని పేని సందుల్లో కుక్కి, సంతలో కొన్న అడవి గుగ్గిలం నూనెలో కరిగించి పూసేవారు. వీధంతా ఆ వాసనే. ఆ ఇంట్లో రోజూ పూజేనని కొత్తగా వచ్చినవాళ్లు దండం పెట్టుకుని పోయేవారు. బండి కూడా ఆయనే చేయించారు. పాత జీపు ఇరుసు మీద కోణాల ఇనుము వెల్డింగు పెట్టించి, పడవ కడుపు ఆనే చోట గోనెసంచులు చుట్టారు.

ఇంత చేసినా మూడేళ్లు పడవ నీళ్ల మొహం చూడలేదు. వాకిట్లో బోర్లా పడి ఉండేది. సారు భార్య, నేను అక్క అని పిలిచే ఆవిడ, దాని వీపు మీద వడియాలు పెట్టుకునేది. మూడో ఏడు వానలు వెనకబట్టాక ఆమె తీర్పు చెప్పింది.

"ఇనుండ్రి. ఈ దసరాకు నన్ను గోదారి అవతలి ఒడ్డుకు తీస్కపోవాలె. చీర తడవకుండ మళ్ల తీస్కరావాలె. లేదంటే దీపావళికి ఇది పొయ్యిలకే."

సారు నవ్వారు. ఆ సాయంత్రం నుంచి మాత్రం రెండు చేతులా గుగ్గిలమే.

దసరా పొద్దున ట్రాక్టరు వచ్చింది. బండికి పసుపు, కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ నాది. దుకాణంలో బుట్టెడు కాయలు మోగించి, అన్నింట్లోకీ గట్టిది ఏరి తెచ్చాను. సారు అవతల తాళ్లు కడుతున్నారు. లారీకైతే బంపరు మీద కొడతాం. పడవకు బంపరేది? ముక్కుంది. దండం పెట్టుకుని, బలమంతా కూడదీసి ముక్కు మీద కొట్టాను.

కాయ పగల్లేదు. ముక్కు పలక పగిలింది.

అక్క అంది, "కట్టెలు కొట్టుడు తమ్ముడే మొదలువెట్టిండు."

సారు వచ్చి పగులులో వేలు పెట్టి చూశారు. తర్వాత కాయ తీసుకుని చెవి దగ్గర ఆడించారు. "కాయ మంచిది సేటూ. నీళ్లు గలగలమంటున్నయి. వచ్చే పడవ దీంతోనే చేద్దాం" అన్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణేమో.

"దుకాణంల ఖాళీ నూనె డబ్బా ఉన్నదా?"

పరుగెత్తి తెచ్చాను. రేకు కత్తిరించి, సాపు చేసి, కింద పత్తీ గుగ్గిలమూ మెత్తి చీలలు కొట్టారు. రేకు మీద పెద్ద వేరుశనక్కాయ బొమ్మ ఉంది. "బొమ్మ లోపలికి తిప్పుండ్రి సారూ, నగుబాటు" అన్నాను. "ఉండనియ్యి. గోదాట్ల చేపలకు గూడ నీ దుకాణం తెలుస్తది."

బూర్గంపాడు రేవుకు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. జల్దీ జల్దీ అని అందరం తొందరపడుతుంటే సారు చక్రం నడిమి బుడిపె మీద అరచేయి తిప్పి ఆనించారు. "వేడిగున్నయి. గిట్లనే దింపితే లోపలికి నీళ్లు గుంజుకుంటయి, బేరింగులు ఖతం. చాయ్ తాగుదాం."

తర్వాత ఇరవయ్యేళ్లూ ఆయన మనుషులకూ అదే వైద్యం చేశారు. ఒకసారి మా తమ్ముడితో పోట్లాడి, వాడి ఇంటి మీదికి పోతూ సారు గుమ్మం ముందు దొరికిపోయాను. నా నెత్తి మీద అరచేయి తిప్పి పెట్టి, "ఇంకా వేడిగనే ఉన్నది. చాయ్ తాగి పో" అన్నారు. తాగాను. పోలేదు.

పడవ నీళ్లలో తేలింది. అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఎక్కింది. నేను ఒడ్డునే ఉంటానన్నాను. "నువ్వెక్కు. బరువు కావాలె" అన్నారు సారు. కాయ కొట్టిన చేతికి శిక్ష అనుకుని ఎక్కాను. తెరచాప గాలి పట్టేసరికి పడవ ఒక పక్కకు ఒరిగింది, నేను రెండో పక్కకు ఒరిగాను. నడి గోదాట్లో నాలుక ఇసుకకు తగిలి పడవ గక్కున ఆగింది. సారు రెండు చేతులూ తెరచాప తాళ్ల మీద ఉన్నాయి. నా రెండు చేతులూ దేవుడి దగ్గరున్నాయి. అక్క వంగి, నాలుక తాడు రెండు చేతులా పట్టి గుంజింది. పడవ కదిలింది.

"గింతేనా?" అంది అక్క. "ఇటియ్యుండ్రి ఆ సుక్కాని."

ఇచ్చారు. మళ్లీ ఎన్నడూ అడగలేదు. అప్పటినుంచి ప్రతి దసరాకూ పడవ నడిపింది అక్కే. సారు ముందు కూర్చుని, రేకు అతుకు మీద చేయి వేసి, ఒడ్డు చూసుకుంటూ పాటలు పాడేవారు. స్వరం బాగుండేది కాదు. ఆ మొదటి రోజు అవతలి ఒడ్డు తాకి వచ్చి, పడవను రేవులోకి నెట్టేసరికి సారు నడుము దాకా తడిశారు, నేను మెడ దాకా. చీర మాత్రం తడవలేదు.

మొన్న అస్థికలు కలపడానికి అదే ట్రాక్టరు, అదే బండి, అదే రేవు. ఎండెక్కుతోందని డ్రైవరు తొందరపెట్టాడు. అక్క దిగి, చక్రం మీద అరచేయి తిప్పి పెట్టింది. "ఆగు. వేడిగున్నయి." ఫ్లాస్కులోంచి అందరికీ చాయ్ పోసింది. ఒక గ్లాసు ఇసుకలో పెట్టింది.

చక్రాలు చల్లబడ్డాక సంచిలోంచి కొబ్బరికాయ తీసి నా చేతిలో పెట్టింది. "ఈసారి రాయి మీద కొట్టు తమ్ముడూ."

ఇద్దరికీ నవ్వాగలేదు. ఒళ్లో కుండ పెట్టుకుని ఆమె నవ్వింది, కాయ పట్టుకుని నేను నవ్వాను. కొట్టాను. మొదటి దెబ్బకే పగిలింది.

పడవెక్కబోతే చేయి అడ్డం పెట్టింది. "నువ్వొద్దు. బరువుకు మీ సారున్నడు."

ఒడ్డునే నిలబడ్డాను. తెరచాప గాలి పట్టింది. పడవ మలుపు తిరిగినప్పుడు ముక్కు మీది రేకు ఎండకు తళుక్కుమంది. బొమ్మ ఎప్పుడో సగం చెరిగిపోయింది. ఇసుక మెరక దగ్గర అక్క వంగి, రెండు చేతులా తాడు గుంజడం కనిపించింది. పడవ ఆగలేదు.