రెండిళ్ల మిన్నల్లులు

మహ్దియాలో మా వీధి సముద్రం వైపు వాలుగా దిగి, సమాధుల దగ్గర ఆగిపోతుంది. ఆ చివరి ఇళ్లలో ఒకటి షల్బియా పిన్నిది. మా గుమ్మానికి ఎదురు గుమ్మం. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె పరుపులు కుడుతూనే ఉంది.

మా ఊళ్లో పాతకాలం వాళ్లకి పరుపంటే ఉన్ని పరుపే. వేసవి రాగానే దాన్ని విప్పి, ఉన్నిని సముద్రంలో ఉతికి, మిద్దెమీద ఆరబెట్టి, ముద్దలు విడిపోయేదాకా కర్రతో కొట్టి మళ్లీ నింపాలి. ఓపిక లేనివాళ్లు, ఓపిక ఉన్నా చేతకానివాళ్లు షల్బియా పిన్నికి కబురు పెడతారు. ఆమె వీధి గదిలో నేలమీద కూచుని, జానెడు సూదితో అంచులు కుడుతుంటే చూడ్డానికి బాగుండేది. స్పాంజి పరుపులు వచ్చాక పని తగ్గింది కానీ, పెళ్లికూతురికి ఉన్ని పరుపు పెట్టే ఆచారం ఇంకా పోలేదు. ఆ పనితోనే ఆమె బతుకు వెళ్లిపోయేది.

పిన్నికి పిల్లల్లేరు. భర్త తిజానీ పోయి చాలాకాలమైంది. తోడుగా ఒక పిల్లి ఉండేది. ఆప్రికాట్ పండులాగ లేత నారింజ రంగులో ఉంటుందని దానికి మిష్మాష్ అని ఆ పండు పేరే పెట్టింది.

గోడకి అవతల ఆమె తోడికోడలు వసీలా. నిజానికి రెండూ ఒకటే ఇల్లు. అత్తగారు పోయిన కొత్తలో లోగిలి మధ్య గోడ లేచింది. అప్పటికి వసీలాకి చిన్నచిన్న పిల్లలు. పిల్లల్లేని తన కళ్లు పడి వాళ్లకి దిష్టి తగులుతుందనే వసీలా గోడ పెట్టించిందని పిన్ని గట్టిగా నమ్మింది. ఆ మాట వసీలాని అడగలేదు, మిగతా ఊరందరికీ చెప్పింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పిల్లలు పెరిగి పెళ్లిళ్లయి వెళ్లిపోయినా గోడ మాత్రం ఉండిపోయింది. వసీలా మొగుడు ముంజీ చేపల వ్యాపారం చేస్తాడు. వానలు వెనకబట్టాక ఆలివు తోటల్లో కుందేళ్ల వేటకి వెళతాడు. అందుకని బర్క్ అనే కుక్కని పెంచుతున్నాడు.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి పిన్ని కాళ్లమీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ముందు దోమలనుకుంది. తర్వాత మిష్మాష్ ఊరికే ఒళ్లు గోక్కోవడం, తోక మొదట్లో బొచ్చు ఊడిపోవడం కనిపించాయి. వెంట్రుకలు పాయ తీసి చూస్తే మిన్నల్లులు. నువ్వుగింజలో సగం ఉంటుంది పురుగు. రక్తం తాగి, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. వాటిని గోళ్ల మధ్య నలిపి, వెనిగరు నీళ్లతో పిల్లిని తుడిచి, ఇక పోయాయనుకుంది.

సరిగ్గా అప్పుడే ఆమె దగ్గర ఒక పెళ్లికూతురి పరుపులున్నాయి. బట్టల కొట్టు వాళ్ల నజీహా తన కూతురికి చేయిస్తోంది. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి, బల్లమీద కూచుని కాఫీ తాగింది. లేచేముందు తెల్లటి మేజోడు మీద ఏదో నల్లగా కదిలితే వంగి చూసింది. కోప్పడలేదు. కప్పు కింద పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"పరుపులు నేను తీసుకెళ్లిపోతాను షల్బియా. నువ్వు ముందు ఇల్లు చూసుకో."

ఆ వారం ఆడవాళ్లు ఊరి ఉమ్మడి స్నానాల ఇంటికి వెళ్లొచ్చేసరికి సంగతి ఊరంతా పాకింది. కుట్టమని ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఏదో వంక చెప్పి ఉన్ని వెనక్కి తీసుకుపోయారు. పిన్ని ఖాళీ గదిలో సూది పట్టుకుని కూచునేది, కుట్టడానికేమీ లేకపోయినా. మా అమ్మ కుస్కుసు వండి పంపితే తినకుండా గిన్నె తిప్పి పంపింది.

తన ఇంట్లో పురుగు పుట్టదని ఆమె నమ్మకం. కాబట్టి అది గోడ అవతలినుంచే వచ్చి ఉండాలి. వసీలాతో మాటల్లేవు కనక పిల్లితో చెప్పేది, గోడకి వినపడేలాగ.

"అటు వెళ్లకురా మిష్మాష్. అక్కడ కుక్కలున్నాయి, కుక్కలకి పురుగులున్నాయి. మనది మర్యాదైన కొంప."

అవతల వసీలా ఊరుకుంటుందా? ఆవిడా కుక్కనే పిలిచేది.

"విన్నావా బర్క్? ఊరందరి మాసిన పరుపులూ తెచ్చి కుప్పేసుకున్నవాళ్లకి నీవల్ల పురుగులొచ్చాయట. నీకు సిగ్గుండాలి."

పాపం ఆ రెండు జంతువులకీ ఈ గొడవేమీ పట్టదు. మిష్మాష్ గోడెక్కి అటు దూకి, బర్క్ పక్కన నీడలో పడుకుని, పొద్దు వాలాక తిరిగొచ్చేది.

పిన్ని తనకి తెలిసిన వైద్యాలన్నీ చేసింది. గన్నేరు కొమ్మలు కోసుకొచ్చి, పిల్లిని బయట ఉంచి, నేలంతా పరిచింది. గదులు మూసి ఘాటైన పొగ వేసింది. గచ్చు మీద సున్నం చల్లింది. చేసిన ప్రతిసారీ నాలుగు రోజులు నెమ్మదించేది. ఆ తర్వాత చాపమీద అడుగు వేయగానే మళ్లీ పాదాలకి ఎగబాకేవి. ఇంటికి తాళం వేసుకుని తన చెల్లెలింట్లో ఉండొచ్చినప్పుడయితే, తలుపు తీసి లోపలికి రాగానే మోకాళ్లదాకా నల్లగా పట్టేశాయట.

చివరికి శుక్రవారం సంతలో ఒకడి దగ్గర చుక్కల మందు కొంది. పెట్టెమీద కుక్క బొమ్మ ఉంది. పిల్లికి పనికొస్తుందా అని అడిగితే, కొంచెం తగ్గించి వేస్తే సరిపోతుందన్నాడు. ఇంటికొచ్చి మిష్మాష్ మెడమీద పోసింది. మధ్యాహ్నానికి పిల్లి నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. తర్వాత చెవులు అదిరాయి, ఆ తర్వాత ఒళ్లంతా. నిలబడబోయి పక్కకి ఒరిగిపోయింది.

పశువుల డాక్టరు ఉండేది ఊరికి ఆ చివర. వీధిలో బండి ఉన్నది ముంజీకి ఒక్కడికే. పిన్ని పిల్లిని కొంగులో చుట్టుకుని, అన్నేళ్ల తర్వాత మొదటిసారి తోడికోడలి తలుపు కొట్టింది. నేను మా గుమ్మంలోనే ఉన్నాను. వసీలా తలుపు తీసి, ముందు షల్బియా మొహం చూసింది. తర్వాత కొంగులోకి చూసింది. లోపలికి తిరిగి మొగుణ్ణి కేకేసి, ఒక తువ్వాలు తెచ్చి పిల్లికి చుట్టింది.

"నువ్వు బండిలో ముందు కూచో. దాని తల పైకి పట్టుకో," అంది.

డాక్టరు పేరు ఇనాస్. చిన్నపిల్లే కానీ కంగారు పడే మనిషి కాదు. పిల్లికి వణుకు తగ్గే సూది వేసి, గిన్నెలు తోమే సబ్బుతో, గోరువెచ్చటి నీళ్లతో మెడా వీపూ కడిగించింది. కుక్కల మందుల్లో కొన్ని పిల్లికి విషమనీ, పోసింది వాటిలో ఒకటనీ చెప్పింది. పిన్ని గోడకి ఆనుకుని నేలమీదే కూచుండిపోయింది. నా చేతులతో నేనే పోశానమ్మా అని మళ్లీ మళ్లీ అదే మాట అంటూ ఉందని ముంజీ తర్వాత మాకు చెప్పాడు. అమ్మినవాడు చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది, ఇలాంటివి ఎన్నో వస్తాయని డాక్టరు ఓదార్చింది. పిల్లిని తన దగ్గరే ఉంచుకుని, కోలుకున్నాక పంపుతానంది. ఆ తర్వాత, ఇంట్లో ఇంకేమైనా జంతువులున్నాయా అని అడిగింది.

లేవంది పిన్ని. ముంజీ గడ్డం గోక్కున్నాడు.

"కుక్క ఉంది. కానీ అది మా ఇంట్లో."

"మీది వేరే ఇల్లా?"

"ఇల్లొకటే. మధ్యలో గోడుంది."

"ఎంత ఎత్తు?"

"పిల్లి ఎక్కేంత," అన్నాడు ముంజీ.

అప్పుడు డాక్టరు విడమరిచి చెప్పింది. ఒంటిమీద కనబడేవి కొన్నేనట. గుడ్లు జారి చాపల్లో, పరుపుల్లో, గచ్చు పగుళ్లలో పడతాయి. వాటిలోంచి వచ్చిన పురుగు గూడు కట్టుకుని లోపల కూచుంటుంది. ఆ గూటిలోకి మందు పోదు, పొగ పోదు. మనిషి నడిచిన అదురు తగలగానే బయటికొస్తుంది. అందుకని పిల్లికీ కుక్కకీ వాటివాటి మందు ఒకే రోజు వేసి, రెండిళ్లూ ఒకేసారి శుభ్రం చేసి, రోజూ ఊడ్చి దుమ్ము బయటపడేస్తూ ఉండాలి. మధ్యలో మళ్లీ కనిపించినా మానకూడదు. ఒక ఇల్లు చేసి రెండోది వదిలేస్తే చేసినదంతా దండగే.

ముంజీ ఇంటికొచ్చి ఈ మాట చెబితే వసీలా ఒప్పుకోలేదు. తన ఇంట్లో పురుగుల్లేవంది, తన కాలిమీద ఒక్క దద్దురూ లేదంది. ముంజీ వాదించలేదు. డాక్టరిచ్చిన సన్నపళ్ల దువ్వెనతో బర్క్ వీపు దువ్వి, రాలిన నల్లటి నూకని తడిపిన తెల్లగుడ్డ మీద వేసి ఆమె ముందు పెట్టాడు. మట్టయితే మట్టిలాగే ఉండాలి. ఆ నూక చుట్టూ ఎర్రగా చెమ్మ దిగింది. అది మిన్నల్లి తాగి విసర్జించిన రక్తం. వసీలా కాసేపు దాన్నే చూసి, గుడ్డ తీసుకెళ్లి ఉతికి ఆరేసింది. తర్వాత వీధిలోకొచ్చి పిన్ని తలుపు తట్టింది.

"ఎప్పుడు మొదలుపెడదాం అక్కా?"

మర్నాడు వీధంతా ఆ రెండిళ్ల సామానే. చాపలు, తివాచీలు, దిండ్లు మిద్దెలెక్కాయి. దుప్పట్లు సలసల కాగే నీళ్లలో వేశారు. మా ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉందని నన్ను పిలిచారు. గచ్చు పగుళ్లలో, గోడ మూలల్లో, పిల్లి పడుకునే బల్ల కింద దాని గొట్టం పెట్టి లాగాను. లాగిన సంచీని వెంటనే మూతికట్టి వీధి చివర చెత్తలో పడేయాలి. నేను ఒకసారి అలసిపోయి పక్కన పెడితే ఇద్దరూ ఒకేసారి కసిరారు. ఆ ఒక్క విషయంలో అప్పటికే మాట కలిసింది.

పరుపుల ఉన్ని మాత్రం సముద్రానికే. ఇద్దరూ మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి, బుట్టల్లో ఉన్ని వేసి తొక్కుతున్నారు. నేను రాళ్లమీద పరిచి ఆరబెడుతున్నాను. వసీలా తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఆ గోడ నేను కట్టించానని ఊరంతా చెప్పావు."

"నువ్వు కట్టించలేదా?"

"బావగారు కట్టించారు. అత్తగారు పోయాక నీ కడుపు కూడా పోయింది, గుర్తుందా? మా పిల్లలు లోగిట్లో ఆడుతుంటే నువ్వు గది తలుపేసుకుని కూచునేదానివి. నీకు వాళ్ల గోల వినపడకుండా ఉంటే నిమ్మళిస్తావని ఆయనే మేస్త్రీని తెచ్చారు. నీతో అనొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు."

పిన్ని చేతిలో ఉన్నిలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"నేనది దిష్టి కోసమనుకున్నాను," అంది.

"తెలుసు. ఆయన పోయాక చెబుదామనుకున్నాను. నువ్వు మొహం చూపిస్తేగా."

పిన్ని వంగి సముద్రపు నీళ్లు మొహాన చల్లుకుంది. వసీలా చూడనట్టు తన బుట్ట తొక్కుతూ ఉంది. ఆ పిల్లల గొంతులే లోగిట్లో తనకి మిగిలిన సంతోషమని, గోడ లేచాక అది కూడా పోయిందని పిన్ని తర్వాతెప్పుడో మా అమ్మతో చెప్పింది. తిజానీ మీద కోపం రాలేదా అని అమ్మ అడిగితే, వచ్చిందట. కానీ ఎవరిమీద చూపించాలి, సమాధిమీదా అందట.

మిష్మాష్ తేరుకుని ఇంటికొచ్చింది. నడక కొన్నాళ్లు తూలుతూ ఉండేది. డాక్టరు చెప్పినట్టే ఎండలు తగ్గకముందే మళ్లీ మిన్నల్లులు కనిపించాయి. పిన్ని బెంబేలెత్తిపోయి, అంతా మళ్లీ మొదటికొచ్చిందని ఏడ్చింది. అవి గూళ్లలో మిగిలినవని, మందు వేసిన జంతువుని కుడితే చస్తాయని వసీలా నచ్చజెప్పి చీపురు చేతికిచ్చింది. రోజూ పొద్దున్నే రెండిళ్లూ ఊడ్చేవారు. చలిగాలులు మొదలయ్యేసరికి తెల్లమేజోళ్లు వేసుకుని గదులన్నీ తిరిగినా ఒక్కటీ అంటుకోలేదు.

గోడ కూల్చలేదు. కూలిస్తే వసీలా వైపు చేపల వాసనంతా తన గదిలోకే వస్తుందని పిన్నే వద్దంది.

నజీహా మళ్లీ రాలేదు. కూతురికి స్పాంజి పరుపు కొని పంపేసింది. పిన్నికి ఆ లోటు అలాగే ఉంది. వసీలా మాత్రం తన పెద్దకోడలి పుట్టింటివాళ్లతో మాట్లాడి కసూర్ ఎస్సాఫ్ అనే ఊరినుంచి పని తెప్పించింది. ఉన్ని కొట్టడానికి పిన్ని భుజాలు సహకరించడంలేదు కనక ఇప్పుడు ఇద్దరూ కలిసే చేస్తున్నారు. కొట్టడం వసీలా బాగానే కొడుతుంది, కుట్టు మాత్రం వంకర. ఆమె వంట చూసుకోవడానికి వెళ్లగానే పిన్ని ఆ కుట్లు విప్పి మళ్లీ వేస్తుంది. వసీలాకి ఆ సంగతి తెలుసు. అందుకే వంటకి కాస్త ఎక్కువ సేపే పడుతుంది.