పెళ్ళికూతుళ్ళ గుంపులో మైలవరం శ్రీను

2008లో విజయవాడ గవర్నరుపేటలో ఒక పెళ్ళిళ్ళ బ్యూరోకి ప్రోగ్రాం రాసిపెట్టాను. బ్యూరో నడిపే రాజ్యలక్ష్మి గారికి నోరూ పెద్దదే, మనసూ పెద్దదే. "అమ్మాయ్, ఎవరి వివరాలు ఎవరికి పంపాలో నీ కంప్యూటరు చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు.

పైథాన్ భాషలో ఒక నెట్‌వర్క్ లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, వాడాను. ఒక్కో మనిషి ఒక నోడ్, అంటే చుక్క; జోడీ కుదిరేలా ఉన్న ఇద్దరి మధ్య ఒక గీత. వరులకి 0, వధువులకి 1 అని లేబుల్. ఇలా రెండు గుంపులుండి, గీతలన్నీ ఈ గుంపు నుంచి ఆ గుంపుకే వెళితే దాన్ని బైపార్టైట్ అంటారు. పెళ్ళిళ్ళకి ఇంతకంటే అచ్చొచ్చిన లెక్క ఉంటుందా? ముందు వరుల ఫైలు, తర్వాత వధువుల ఫైలు లోడ్ చేసి తెగ మురిసిపోయాను.

వారం తిరక్కుండా మైలవరం నుంచి రామారావు గారు, వెనకాలే ఆయన కొడుకు శ్రీను దిగారు. ఆయన ఒక కవరు తెచ్చి బల్ల మీద కొట్టారు.

"ఏమండీ, మావాడికి సంబంధాలు చూడమంటే పెళ్ళికొడుకుల ఫొటోలు పంపుతారా? అది మా బావమరిది చేతిలో పడింది, ఇంకేముంది, ఊరంతా టముకేశాడు!"

నాకు నవ్వాగలేదు. శ్రీను మాత్రం నవ్వలేదు.

"అది పోనీండి. చల్లపల్లి అమ్మాయి వాళ్ళకి నా వివరాలు వెళ్ళనే లేదంటగా. ఆదివారం వేరేవాళ్ళకి మాటిచ్చేస్తున్నారండీ" అన్నాడు. ఆ అమ్మాయిని ఏదో పెళ్ళిలో చూసి, అడిగే ధైర్యం లేక, ఆమె వివరాలు ఇక్కడున్నాయని తెలిసి చేరాడట. ముప్పై దాటిన మనిషి, ఆదివారానికి ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నా నవ్వు ఎటుపోయిందో!

ఫైళ్ళు తెరిచాను. రెండింటిలోనూ 'మైలవరం రామారావు' అనే ఉంది. ఒకటి శ్రీను కోసం, ఇంకోటి అతని చెల్లెలి కోసం. పేరు ఒకటే అయితే లైబ్రరీకి చుక్కా ఒకటే; వెనకొచ్చిన 1 ముందున్న 0ని తుడిచేసింది. శ్రీను గీతలన్నీ అమ్మాయిల గుంపులోనే పడేసరికి ప్రోగ్రాం వాటిని వదిలేసింది. వచ్చిన ఫొటోలు చెల్లెలి కోసం; కవరు మీద తండ్రి పేరే ఉండేసరికి అవి శ్రీనుకే అనుకున్నారు.

"పిల్లల పేర్లు రాయలేదేంటండీ?"

"బాగుందమ్మా! సంబంధం మాట్లాడేది తండ్రితోనా, పిల్లాడితోనా?" అని రాజ్యలక్ష్మి గారు నామీదే లేచారు.

ఎవరి పేరు వాళ్ళకి పెట్టి మళ్ళీ లోడ్ చేశాను. శ్రీను నుంచి చల్లపల్లికి గీత పడింది. రాజ్యలక్ష్మి గారు కవరు కోసం చూడకుండా ఫోనెత్తారు. ఆదివారం మాట పుచ్చుకున్నది మైలవరం వాళ్ళే.

అప్పటి నుంచి ఏ డేటా చేతికొచ్చినా, ఈ పేరు వెనక ఎంతమంది ఉన్నారని ముందే అడుగుతాను. పెళ్ళిలో అక్షింతలు వేస్తుంటే శ్రీను నా వైపు వంగి నెమ్మదిగా చెప్పాడు:

"రేపు మాకు పుట్టేది ఆడైనా మగైనా, నా పేరుతో మాత్రం ఎక్కించకండి మేడం."