మూడో నీళ్ళు

మా వీధిలో పుట్టిన పిల్లల తలలు గుండ్రంగా ఉన్నాయంటే అది మా నాయనమ్మ చలవే. తెనాలిలో మా ఇంటి పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, పసిబిడ్డని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. నూనె రాసి, నలుగు పెట్టి, తల ఒత్తి, ముక్కు తీర్చి, చివర దిష్టి నీళ్ళు పారబోసేసరికి ఎంత గయ్యాళి బిడ్డయినా ఏడుపు మాని నిద్రకి తూగేది. నా ఒంటి మీద పడ్డవీ ఆవిడ పోసిన నీళ్ళే. ముక్కు మాత్రం తీరలేదు. ఆ తప్పు మా అమ్మ పుట్టింటివాళ్ళదని ఆవిడ చనిపోయేదాకా అంటూనే ఉంది.

అరవైల చివర్లో నేను బాపట్ల నుంచి పురిటికి పుట్టింటికి వచ్చాను. మావారికి అక్కడ ఉద్యోగం. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే నాయనమ్మ నా పొట్ట వంక చూసి, ఈ కాళ్ళ మీద పడాల్సిన ఆఖరి బిడ్డ ఇదేనే అంది. శుభమా అని వస్తే ఆ మాటలేంటని అమ్మ కసురుకుంది. కానీ నాయనమ్మకి నిజంగానే ఆ ఒక్క కోరిక మిగిలింది. ముని మనవడో మనవరాలో, తన చేత్తో నీళ్ళు పోసి పెంచాలి. తర్వాత పిలుపు ఎప్పుడొచ్చినా ఫరవాలేదు.

నెల తిరక్కుండా ఆవిడ నడుముకి ఎడంపక్క మంట మొదలైంది. వాతం నొప్పి అనుకుని వావిలాకు కాపడం పెట్టారు. తర్వాత నీటి పొక్కులు లేచాయి. నడుము నుంచి తొడ ముందువైపుగా మోకాలి దాకా గుత్తులు గుత్తులుగా. చూసినవాళ్ళందరూ సర్పి అన్నారు. సర్పి నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదని మావైపు భయం. మంత్రం వేసే పెద్దాయన వచ్చి పొక్కుల చుట్టూ జేగురుతో గీత గీసి, దాని దారి కట్టేశానని చెప్పి వెళ్ళాడు. కడుపుతో ఉన్నదాని నీడ పడకూడదని నన్ను ఆ గది ఛాయలకి రానివ్వలేదు. తలుపు ఇవతల కూర్చుని ఆవిడ మూలుగు వింటూ ఉండేదాన్ని. ఎనిమిది మందిని కన్నప్పుడు కూడా నోరు విప్పని మనిషని పేరు ఆవిడకి.

నాన్న మంత్రంతో ఊరుకోకుండా డాక్టరుగారిని తీసుకొచ్చాడు. ఆయన పొక్కులు చూసి, చిన్నతనంలో ఆటలమ్మ పోసిందా అని అడిగారు. పోసిందండి, పెనుమూడిలో, నా పెళ్ళికి ముందు అంది నాయనమ్మ. ఇది అదేనమ్మా అన్నారాయన. వసారాలో కూర్చుని నాన్నకి చెబుతుంటే నేనూ విన్నాను. ఆటలమ్మ తగ్గిపోయిందని మనం అనుకుంటాం గానీ ఆ క్రిమి ఒంట్లోంచి పోదట. వెన్నుపూస పక్కన నరాల మొదట్లో దూరి ముడుచుకుని పడుకుంటుందట. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం రక్తం దాన్ని కాపలా కాస్తూ లేవనివ్వదు. వయసు మీదపడ్డాక ఆ కాపలా పలచబడుతుంది. అప్పుడు అదే నరం వెంట పైకి వస్తుంది. పొక్కులు చెక్కు కట్టేదాకా పసిపిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు, వాళ్ళకి ఆటలమ్మ పోస్తుంది అన్నారు. నాకు చిన్నప్పుడే పోసింది కాబట్టి నాకేం భయం లేదన్నారు.

ఈ మాటలు నాన్న లోపలికి వెళ్ళి నాయనమ్మకి చెప్పాడు. ఆవిడకి అందులో కొత్తేమీ కనపడలేదు.

"నాకు తెలుసురా. అమ్మవారిని మేం సాగనంపలేదు" అంది.

ఆవిడకి ఆటలమ్మ పోసినప్పుడు వేపాకు నీళ్ళు రెండుసార్లు పోశారట. మూడోసారి నీళ్ళు పోసి, అమ్మవారికి చద్ది పెట్టి పంపాల్సిన రోజున కృష్ణకి వరదొచ్చింది. ఊరంతా పిల్లాజెల్లాతో కరకట్ట ఎక్కింది. మళ్ళీ ఇళ్ళకి చేరాక ఆ మూడో నీళ్ళ సంగతి ఎవరికీ గుర్తులేదు. అమ్మ ఇన్నేళ్ళూ నాలోనే ఉండిపోయింది, వెళ్ళమన్నవాళ్ళు లేక అని నాయనమ్మ లెక్క. డాక్టరుగారు చెప్పిందీ ఈవిడ చెప్పిందీ ఒకటేగా అనిపించి నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రాదు.

పొక్కులు మాడి చెక్కులు రాలిపోయాక నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డని చూడ్డానికి నాయనమ్మని రానిచ్చారు గానీ, ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టుకోలేకపోయింది. పుండు మానింది, నొప్పి మానలేదు. చీర అంచు తగిలినా నిప్పు పెట్టినట్టుండేదట. ఆ ఒక్క కాలి మీదినుంచి చీర పైకి తీసి, విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేది. పొక్కులున్నన్నాళ్ళూ జాలిపడ్డ ఇల్లు, పొక్కులు పోయాక విసుక్కోవడం మొదలుపెట్టింది. పురిటి చాకిరీ, వచ్చేపోయే జనం, అన్నీ అమ్మ నెత్తినే పడ్డాయి. నాలుగు మచ్చలు తప్ప అక్కడేం లేదు, ఇంకా నొప్పేంటి అత్తయ్యా అని ఒకరోజు మొహానే అనేసింది. నాకు ఒళ్ళు మండింది. కనపడితేగానీ నొప్పి కాదా అని అరిచాను. నీకేం తెలుసు, నువ్వు మంచం మీద ఉన్నావు అంది అమ్మ. అదీ నిజమే.

డాక్టరుగారు మళ్ళీ వచ్చి, నరం దెబ్బతిందనీ, పెద్దవాళ్ళలో ఇది నెలలు పట్టొచ్చనీ, ఒక్కోసారి అసలు పోకపోవచ్చనీ చెప్పి నిద్రకి బిళ్ళలు ఇచ్చారు. నాయనమ్మ అడిగింది మాత్రం ఒక్కటే. పెనుమూడి తీసుకెళ్ళి ఆ మూడో నీళ్ళు పోయించమంది.

నన్నూ బిడ్డనీ చూసుకోడానికి మేనత్తని పిలిపించి, నాన్నా అమ్మా ఆవిడని తీసుకుని రేపల్లె రైలెక్కారు. కూర్చుంటే చీర రాసుకుంటుందని రేపల్లె దాకా కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడే ఉందట. పెనుమూడి రేవులో వేపాకూ పసుపూ కలిపిన నీళ్ళు అమ్మే తలమీంచి పోసింది. పెరుగన్నం, ఉల్లిపాయ పెట్టి, పోయిరా తల్లీ అని దణ్ణం పెట్టారు. తిరిగి వచ్చిన నాయనమ్మ మొహం వెలిగిపోతోంది. నొప్పి పోయిందిరా అని వీధిలో వాళ్ళందరికీ చెప్పింది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నమ్మాను.

మర్నాడు పొద్దున్నే పీట వేయించుకుంది. కాళ్ళు చాపి, చీర మోకాళ్ళ పైకి మడిచి, బిడ్డని తెమ్మంది. నేను పడుకోబెట్టాను. అమ్మ పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తోంది. నాయనమ్మ చేతులు ఎప్పటిలాగే మెత్తగా, తొందర లేకుండా ఆడాయి. బిడ్డ కాళ్ళు ఝాడించి ఆ తొడ మీద తన్నింది. నాయనమ్మ ఎడమకాలు వణకడం మొదలుపెట్టింది. కింది పెదవి పళ్ళ మధ్య బిగిసింది. కళ్ళలోంచి కారేదాన్ని చన్నీళ్ళూ వేన్నీళ్ళూ కలిసిన తడిలో దాచుకుందామనుకుందేమో గానీ, అమ్మ అంత దగ్గర్లో ఉంది. చెంబు ఆగిపోయింది.

"పొయ్యమ్మాయ్, పిల్లకి చలేస్తది" అంది నాయనమ్మ.

అమ్మ పోసింది. నాయనమ్మ నలుగు పెట్టింది, తల ఒత్తింది, ముక్కు తీర్చింది, దిష్టి నీళ్ళు పారబోసింది. ఒక్కటీ వదల్లేదు. బిడ్డని నా చేతికిచ్చి, రేపటినుంచి మీ అమ్మని పొయ్యమను, నాకు ఓపిక లేదు అంది. మళ్ళీ పీట అడగలేదు.

ఆ రోజునుంచి అమ్మ నొప్పి మాట ఎత్తలేదు. నాన్న పాత పంచెలు ఉతికి ఉతికి మెత్తబడ్డవి ఏరి, నాయనమ్మ చీరకి లోపల ఆ కాలి వైపు వేసి కుట్టింది. నేను బాపట్ల వెళ్ళిపోయాక కూడా, తెనాలి వచ్చిన ప్రతిసారీ తీగ మీద ఆ కుట్లున్న చీరలే ఆరుతుండేవి. నాయనమ్మ బాగా చిక్కిపోయింది. నిద్రలేదు, తిండి సయించదు. చిన్నప్పుడు రెండు వారాలు పలకరించి పోయిన జబ్బు, అంత పెద్ద మనిషిని కాస్త కాస్తగా తినేసింది. ఇప్పుడు నా వయసు అప్పటి ఆవిడ వయసు దాటింది. నాకు మూడు నీళ్ళూ సక్రమంగానే పోశారు. అయినా అది నాలోనూ ఉందని నాకు తెలుసు. నడుములో చిన్న చురుకు పుట్టినా ఆవిడ గుర్తొస్తుంది.

డెబ్బైల మొదట్లో ఒక చలికాలం నాయనమ్మ పోయింది. నేను బాపట్ల నుంచి వచ్చేసరికి పెరట్లో, ఎప్పుడూ పీట వేసే చోటే, ఆవిడని కూర్చోబెట్టి ఆఖరి స్నానం చేయిస్తున్నారు. ఎదురింటావిడ చెంబు నిండా నీళ్ళు ముంచి ఆ ఎడమకాలి మీద పోయబోయింది. అమ్మ గభాలున ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అక్కడ అలా పొయ్యకండి వదినగారూ. ఓర్చుకోలేదు."

అమ్మ కింద కూర్చుని, దోసిట్లో గోరువెచ్చటి నీళ్ళు తీసుకుని, ఆ తొడ మీద కొంచెం కొంచెంగా వదిలింది.