మోదుగాకుల కింది అడవి

గత ఆదివారం కరీంనగర్‌లోని మా ఇంట్లో మనుమరాలు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, తన ఆటకు పటాలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంపిక చేసిపెట్టమంది. మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు బాటసారులుగానో యోధులుగానో పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ సాగే ఆట అది. గుణదోషాలు రాసుకోనిదే దేనికీ నిర్ణయం చెప్పనివాడిని కనుక మూడింటిని పరీక్షించాను. మొదటిది మీట నొక్కగానే అడవులను, నదులను, ఊళ్లను పేర్లతో సహా సృష్టించి చూపింది. ఆడేవారు అడుగైనా వేయకముందే వారి లోకాన్ని పూర్తిచేసే అధికారం దానికెవరిచ్చారని నాకు ఒళ్లు మండింది. రెండవదానికి నెలనెలా అద్దె కట్టకపోతే మనం గీసిన పటమే మనకు తెరుచుకోదట. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? మూడవది బోసిగా ఉంది. ఆట మధ్యలో చేత్తోనే గీసుకోవాలి, ఇంకా చేరని చోట్లను నల్లని తెరతో కప్పుకోవచ్చు. ఆ తెరను చూడగానే మా అన్న గుర్తుకొచ్చాడు.

ఖానాపూర్‌లో మా చిన్నతనాన, ఒక వానాకాలం మొదట్లో అన్న ఇప్పచెట్టు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రోజూ అడవిలో తిరిగే అతను మంచాన పడి ఉండలేక, నేల బండల మీద సుద్దముక్కతో అడవిని గీశానంటూ, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ విస్తళ్లు కుట్టడానికి తెచ్చుకున్న మోదుగాకులతో కప్పి, అక్కను, నన్ను బాటసారులను చేశాడు. గవ్వలు వేసి మేము ఏ ఆకు దగ్గరికి చేరితే దాన్ని అన్న తనవైపు ఎత్తి, సుద్దతో ఏదో దిద్ది, అక్కడ ఎలుగుబంటి ఉందో వాగు ఉందో చెప్పేవాడు. ఆట అయిపోతే మేము వీధిలోకి పరుగెడతామని, తాను ఒంటరిగా మిగులుతానని అతని భయం. అందుకే దాన్ని ముగియనిచ్చేవాడు కాదు.

ఒకనాడు అన్న కునుకు తీస్తుండగా, అక్క ఓపిక పట్టలేక ఆకులన్నీ ఊడ్చేసింది. మేము చేరిన చోటికి అవతల ఉత్త బండలే ఉన్నాయి.

“అన్నా, గిదేంది? కింద ఏం లేదు! ఇన్ని దినాలు మమ్ముల పాగల్ జేసినవా?” అని అరిచింది.

“మీరు యాడికి పోతరో మీకే ఎర్కలేదు. ముందుగాల నేనేం గియ్యాలె?” అన్నాడు అన్న.

ఆ మాటలోని న్యాయం మాకు అందలేదు. ఇద్దరం అలిగి ఆట మానేశాం. అన్న గోడవైపు తిరిగి పడుకుని అన్నం ముట్టడం మానేశాడు.

అప్పుడు, ఏనాడూ మా ఆటవైపు చూడని అవ్వ వచ్చి కూర్చుని గవ్వలు వేసింది. “కొడుకా, నేను గోదారి ఒడ్డుకొచ్చిన. పడవున్నదా, ఈదాల్నా?”

అన్న తల తిప్పలేదు. “నీకు ఈతొస్తదా ఏంది?”

“ఆటల ఒస్తది. జెల్ది చెప్పు.”

అన్న నవ్వి సుద్దముక్క అందుకున్నాడు. అవ్వ ఎన్నడూ దాటని గోదావరిని, అవతలి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి గుడిని, ఆమె అడిగిన కొద్దీ గీస్తూ పోయాడు. మేమూ సిగ్గుపడుతూ వచ్చి చేరాం.

నల్లని తెర ఉన్న ఆ మూడవదాన్నే నేను సూచించాను. మనుమరాలు మాత్రం మొదటిదాన్ని తీసుకుంది. “గీసేదాకా ఎవలు ఆగుతరు తాతా?” అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఈనాడు గడప దాటకముందే దారిలోని ప్రతి మలుపూ ఫోనులో కనబడుతుంది. ముందు ఏముందని పక్క మనిషిని అడిగే అవసరమే లేకుండా పోయింది.

ఆ ఏడు వానలు వెలిశాక అన్న భయపడినట్టే మేము వీధిలోకి పోయాం. కట్టు విప్పినా కుంటుతూనే ఉన్న అన్నతో అవ్వ ఒక్కతే చాలాకాలం ఆడింది. ధర్మపురి దాటి ఆమె ఎంత దూరం పోయిందో, ఏమేం చూసిందో, అన్నీ రాసిపెట్టుకునే నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. అడుగుదామంటే ఇప్పుడు అన్నా లేడు, అవ్వా లేదు.